కమోల్యి వెళ్ళేముందు గాలి చూసుకోండి

ఇటలీ టికెట్లు కొన్న చుట్టాలంతా ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒకటే: "సముద్రం ఒడ్డున రంగురంగుల ఇళ్ళుంటాయి చూడు, అలాంటి ఊరికి ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?" నేను వెంటనే నెల పేరు చెప్పను. పెద్దవాళ్ళు వస్తున్నారా, వాళ్ళ మోకాళ్ళు ఎలా ఉన్నాయి, నీళ్ళలో దిగాలనుందా, ఊరు చూస్తే చాలా, చేపలు తింటారా అని తిరిగి నేనే అడుగుతాను. జవాబుల్ని బట్టి నెల మారుతుంది గానీ ఊరు మాత్రం మారదు. కమోల్యి వెళ్ళమంటాను.

మేము కాకినాడ వాళ్ళం. ఉద్యోగాల వల్ల ఇటలీ వాయవ్య తీరంలోని జెనోవాలో ఉంటున్నాం. జెనోవాకి తూర్పున, పోర్తొఫీనో కొండకి పడమటి పక్కన ఉంటుంది కమోల్యి. జనాభా ఐదు వేలకి అటూ ఇటూ. చింక్వె తెర్రె ఊళ్ళకున్నంత పేరు దీనికి లేదు, అదే దీని అదృష్టం. సెలవు దొరికితే రైలెక్కి వెళ్ళిపోతాం. చుట్టాలొస్తే ముందు అక్కడికే తీసుకెళ్తాం. ఎండలోనూ చూశాను, ముసురులోనూ చూశాను కాబట్టి నాకు తెలిసిందేదో చెప్తాను.

ముందు గాలి సంగతి

ప్రయాణానికి ముందు అందరూ ఫోన్లో సూర్యుడి బొమ్మ ఉందా, ఎన్ని డిగ్రీలు అని చూస్తారు. కమోల్యికి ఆ లెక్క చాలదు. గాలి ఏ దిక్కు నుంచి వస్తోంది, అల ఎంత ఎత్తు లేస్తోంది అన్నది చూడాలి. ఊరి ముఖం పడమర, నైరుతి వైపు. ఆ వైపు దగ్గర్లో అడ్డు ఏదీ లేదు. నైరుతి గాలిని ఇక్కడ లిబేచ్చో అంటారు. అది లేచిందంటే కెరటాలు తిన్నగా వచ్చి ఊరి గోడలకి కొడతాయి. గాలి ఆగిపోయి ఎండ కాసిన మర్నాడు కూడా సముద్రం ఒక పట్టాన శాంతించదు. పైన ఆకాశం నీలంగా మెరిసిపోతూ ఉంటుంది, కింద రేవులో పడవ టికెట్లమ్మే కిటికీ మూసేసి ఉంటుంది. పాపం టూరిస్టులు ఆ కిటికీ ముందు నిలబడి ఆకాశం కేసి చూస్తుంటారు.

త్రమొంతాన అని ఉత్తరపు గాలి ఇంకొకటి. కొండల మీదుగా చల్లగా, పొడిగా దిగుతుంది. ఊరి వెనక కొండ అడ్డుంటుంది కనుక ఒడ్డు దగ్గర నీళ్ళు చదునుగానే ఉంటాయి, గాలిలో తేమంతా పోయి దూరాలు స్పష్టంగా కనిపిస్తాయి. జాకెట్ వేసుకోగలిగితే ఆ రోజుని మించింది లేదు. ఆగ్నేయం నుంచి వచ్చే షిరోక్కో వెచ్చగా, జిడ్డుగా, మబ్బుగా ఉంటుంది. ఆ రోజు ఫొటోలు బాగా రావు. మిగతా ఇబ్బందేమీ లేదు.

నా లెక్క ఇది: నైరుతి వైపు నుంచి అల మీటరు దాటి ఉంటుందని సూచన ఉంటే పడవ మీద ఆశ పెట్టుకోను. ఊళ్ళోనే తిరుగుతాను, లేదా కొండెక్కుతాను. అప్పుడు రోజు చెడిపోయిందన్న బాధ ఉండదు.

మన తీరం వాళ్ళకి ఇక్కడ వింతగా అనిపించే సంగతి ఇంకొకటుంది. ఈ సముద్రానికి ఆటుపోట్లు పెద్దగా ఉండవు. పొద్దున్న నీళ్ళు ఎక్కడున్నాయో సాయంత్రం దాదాపు అక్కడే ఉంటాయి. అందుకే ఇళ్ళని, బల్లల్ని అంత ధైర్యంగా నీళ్ళ అంచున పెట్టుకున్నారు. వాళ్ళ భయమంతా లిబేచ్చోతోనే.

వెళ్ళడం, దిగడం

జెనోవాలో బ్రిన్యోలె స్టేషన్లో గానీ, పియాత్సా ప్రిన్చిపె స్టేషన్లో గానీ సెస్త్రి లెవాంతె వైపు వెళ్ళే రీజనల్ రైలు ఎక్కితే ముప్పావు గంటలోపు దింపేస్తుంది. వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చోండి, సొరంగానికీ సొరంగానికీ మధ్య సముద్రం కనిపిస్తుంది. కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ దగ్గరుండే మెషిన్లో ముద్ర కొట్టించుకోవాలి. ఫోన్లో కొంటే చెక్-ఇన్ నొక్కాలి. ఇక్కడ టికెట్ కొనడం ఒక పని, దాన్ని చెల్లేలా చేసుకోవడం ఇంకో పని. ఇది తెలియక మనవాళ్ళు చాలామంది ఫైన్ కడుతుంటారు. కారు మాత్రం వద్దు. పార్కింగ్ దొరకదు, దొరికినా గంట లెక్కన గట్టిగా వసూలు చేస్తారు.

స్టేషన్ పైన, సముద్రం కింద. మధ్యలో ఇళ్ళ సందుల్లోంచి మెట్లు. వెనక వీధిలోంచి మామూలు ఇళ్ళలా కనిపించేవే సముద్రం వైపు దిగి తలెత్తి చూస్తే ఆరేడు అంతస్తులు నిటారుగా నిలబడి ఉంటాయి. గారిబాల్ది వీధి అని పేరుకి వీధే గానీ, నిజానికి అది సముద్రం వెంబడి నడకదారి. దాని చివర సాంతా మరియా అస్సూంత చర్చి, ద్రాగొనారా కోట ఉంటాయి. ఆ రెండూ ఉన్న బండ ఒకప్పుడు విడిగా దీవిలా ఉండేదట. చర్చి పక్కనుంచి దాటితే చిన్న రేవు.

నడుస్తూ గోడలు చూడండి. నలుపూ పచ్చా కిటికీలు, వాటి చుట్టూ చెక్కిన రాతి చట్రాలు, పైన పూలతీగలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు రాయీ కాదు, చెక్కా కాదు, రంగులతో వేసిన బొమ్మలు. కొన్నిచోట్ల కిటికీ మొత్తం బొమ్మే, వెనక గది లేదు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే గోడ ముందు నిలబడి చూడండి. నిజం కిటికీ నీడ అటు నుంచి ఇటు మారుతుంది. బొమ్మ కిటికీ కింద రంగుతో వేసిన నీడ కదలదు. మా అమ్మాయికి ఇది పట్టుకునే ఆట నేర్పాను, ఇప్పుడు ఏ ఊరెళ్ళినా గోడల నీడలు చూస్తూ నడుస్తుంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ చిన్న ఊరివాళ్ళకి వందల కొద్దీ తెరచాప ఓడలుండేవి. 1853లో ఓడల యజమానులంతా కలిసి సొంతంగా ఒక బీమా సంఘం పెట్టుకున్నారు. 1876 నాటి థియేటర్ ఆ డబ్బుతో వెలసిందే. ఆవిరి ఓడలొచ్చాక ఆ వైభవం పోయింది.

సెప్టెంబరు నుంచి నవంబరు

ఎవరైనా బలవంతం చేసి ఒక్క నెల చెప్పమంటే సెప్టెంబరు రెండో సగం అంటాను. ఇటలీలో బళ్ళు తెరుస్తారు, కుటుంబాలు వెళ్ళిపోతాయి. సముద్రం మాత్రం వేసవి వేడిని ఇంకా దాచుకునే ఉంటుంది, నీళ్ళు 23, 24 డిగ్రీలుంటాయి. నెల మొదటి సగంలో ఫెస్తివాల్ దెల్లా కొమునికాత్సియోనె అని పెద్ద సభలు జరుగుతాయి. 2014లో ఇటాలియన్ రచయిత ఉంబెర్తో ఎకో ఆలోచనతో మొదలైనవి. ఇటాలియన్ వచ్చినవాళ్ళకి పండగే. రానివాళ్ళకి గదులు దొరకవు, అంతే. తేదీలు చూసుకుని వెళ్ళండి.

అక్టోబరులో నీళ్ళు ఇరవై డిగ్రీలకి దిగుతాయి. జర్మన్లు ఈదుతారు, మనం చూస్తాం. కొండెక్కడానికి మాత్రం ఇదే సరైన కాలం.

ఊరి చివర నుంచి మెట్లదారిన, ఆలివ్ తోటల మధ్యగా ముప్పావు గంట ఎక్కితే సాన్ రోక్కో అనే చిన్న పల్లె వస్తుంది. 220 మీటర్ల ఎత్తు. చర్చి ముందు అరుగు మీద కూర్చుంటే జెనోవా దాకా తీరమంతా కనిపిస్తుంది. ఎక్కలేనివాళ్ళకి ఊళ్ళోంచి చిన్న బస్సుంది. మా అత్తయ్యగారిని, మావయ్యగారిని బస్సులో పంపించి మేము నడిచెళ్ళాం. మేము చేరేసరికి వాళ్ళు కాఫీ కూడా తాగేసి, ఇంతసేపేంటని మమ్మల్నే అడిగారు.

సాన్ రోక్కో నుంచి దారులు చీలుతాయి. కిందికి దిగే దారిలో సాన్ నికొలో అనే పాత రాతి చర్చి వస్తుంది, అది పన్నెండో శతాబ్దానిది. ఇంకా దిగితే పుంతా క్యాప్పా, అంటే సముద్రంలోకి నాలుకలా చొచ్చుకుపోయిన బండ. అక్కడి నుంచి పడవ ఉంటే పడవలో తిరిగి రావచ్చు, లేకపోతే దిగిన మెట్లన్నీ మళ్ళీ ఎక్కాలి. అందుకే దిగేముందే పడవ సంగతి కనుక్కోండి. దిగడం ఉత్సాహంగానే ఉంటుంది, మోకాళ్ళు సాయంత్రం జవాబు చెప్తాయి.

ఇంకో దారి రెండో ప్రపంచయుద్ధం నాటి కాంక్రీటు ఫిరంగి స్థావరాల మీదుగా సాన్ ఫ్రుత్తువోజో అనే పాత మఠం ఉన్న కోనకి వెళ్తుంది. దీన్ని 'బాత్తెరియె' దారి అంటారు. కొన్నిచోట్ల బండ పక్కన ఇనప గొలుసులు పట్టుకుని నడవాలి, పక్కన లోయ సూటిగా సముద్రంలోకి ఉంటుంది. కళ్ళు తిరిగేవాళ్ళు, పిల్లలతో వచ్చినవాళ్ళు, చెప్పులతో వచ్చినవాళ్ళు దీని జోలికి పోవద్దు. అదే సాన్ ఫ్రుత్తువోజోకి కొండ పైనుంచి పియెత్రె స్త్రెత్తె మీదుగా వెళ్ళే దారి ఉంది, అడవిలోంచి, గొలుసుల గొడవ లేకుండా. సమయం ఎక్కువ పడుతుంది, టెన్షన్ ఉండదు. నేను అదే వెళ్తాను.

అక్టోబరు చివరి నుంచి నవంబరు దాకా వానలు. ఇక్కడి వాన మన తుపాను వానలాగే ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. కొండల నుంచి సముద్రానికి దూరం తక్కువ కనుక వాగులు నిమిషాల్లో పొంగుతాయి. జెనోవా, కమోల్యి ఉన్న లిగూరియా ప్రాంత ప్రభుత్వం పసుపు, నారింజ, ఎరుపు అని మూడు రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. పసుపైతే గొడుగు పట్టుకెళ్ళండి, కొండెక్కకండి. నారింజ అయితే ప్రయాణం మార్చుకోండి. ఎరుపైతే ఇంట్లో కూర్చోండి, ఆ రోజు బళ్ళు కూడా మూసేస్తారు. 2018 అక్టోబరు 29న వచ్చిన తుపానుకి కొండకి అవతల రాపాల్లో రేవులో ఖరీదైన పడవలు కుప్పగా ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, పోర్తొఫీనో వెళ్ళే రోడ్డు కోసుకుపోయింది. వాన ఆగాక కూడా రెండు రోజులు ఆగి కొండెక్కండి. రాతి మెట్ల మీద తడిసిన ఆకులు పాచి కన్నా మోసం.

చలికాలం

చలికాలంలో అక్కడేముంటుంది అంటారు. ఊరుంటుంది! మిగతా నెలల్లో జనం చాటున దాక్కున్న ఊరు అప్పుడే కనిపిస్తుంది. జనవరిలో పగలు 11, 12 డిగ్రీలుంటుంది, మంచు దాదాపు పడదు. ముసలివాళ్ళు ఎండకెదురుగా బల్లల మీద వరసగా కూర్చుని ఉంటారు. త్రమొంతాన వీచిన రోజున పడమట సముద్రం మీదుగా తెల్లటి ఆల్ప్స్ శిఖరాలు కనిపిస్తాయి. కొండ మీది నుంచైతే అదృష్టం బాగుంటే కార్సికా కూడా.

సూర్యాస్తమయం కోసం వెళ్ళేవాళ్ళకి ఒక కిటుకు. వేసవిలో పొద్దు వాయవ్యంగా, జెనోవా వెనక కొండల్లోకి పోతుంది. చలికాలంలో నైరుతికి జరిగి తిన్నగా సముద్రంలోకి దిగుతుంది. అంటే నీళ్ళలో మునిగే సూర్యుడు కావాలంటే డిసెంబరు, జనవరే. పైగా సాయంత్రం ఐదింటికల్లా అయిపోతుంది, పిల్లల్ని తొమ్మిదిన్నర దాకా మేల్కొలిపి ఉంచక్కర్లేదు.

లిబేచ్చో ఉన్న చలికాలపు రోజున బొస్కెత్తో గుడికి వెళ్ళండి. ఊరి వెనక, స్టేషన్‌కి అటువైపు ఉంటుంది. 1518లో అక్కడ మరియమాత కనిపించిందని నమ్మకం. ఆవరణలోని వసారా గోడల నిండా మొక్కు తీర్చుకున్న నావికులు ఇచ్చిన పటాలు. ఒక్కొక్క దాని ముందు ఆగి చూడాలి. ఓడ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటుంది, తెరచాప చిరిగి గాలికి ఎగురుతుంటుంది, అల ఓడకన్నా ఎత్తుగా ఉంటుంది. మనుషులు చీమలంత. పటం పై మూలలో మబ్బు చీల్చుకుని చిన్న వెలుగు, అందులో బిడ్డతో మరియమాత. గొప్ప చిత్రకళ ఏమీ కాదు, కానీ ఓడ తాళ్ళు మాత్రం ఒక్కటీ తప్పు లేకుండా గీసి ఉంటాయి. వేయించుకున్నవాళ్ళు నావికులు మరి, తాడు తప్పుంటే ఒప్పుకోరు. బయట నిజం అలల హోరు విన్న రోజున ఈ పటాలు చూస్తే కలిగే భయం జూలైలో చూస్తే కలగదు. ఓడల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి ఊళ్ళో నావిక మ్యూజియం కూడా ఉంది. తెరిచే వేళలు తక్కువ, ముందే చూసుకుని వెళ్ళండి.

ఈ కొండ అంచులు ఎంత నాజూకో 2021 ఫిబ్రవరి 22న లోకమంతా చూసింది. శ్మశానం ఉన్న కొండచరియ విరిగి దాదాపు రెండు వందల శవపేటికలు సముద్రం వైపు పడిపోయాయి. కాబట్టి చలికాలంలో ఏ దారికైనా ఎరుపు తెలుపు రిబ్బను కట్టి ఉంటే అది ఊరికే కట్టింది కాదు. కింద నుంచి దూరి వెళ్ళే హీరోలు ఎప్పుడూ ఉంటారు, మీరు వాళ్ళలో ఉండకండి.

ఇబ్బంది ఒకటే. నవంబరులో, జనవరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా హోటళ్ళు, రెస్టారెంట్లు చాలా మూసేస్తారు. పడవలు కూడా ఎక్కువగా శని, ఆది, పండగ రోజుల్లోనే నడుస్తాయి. రాత్రి ఉండాలనుకుంటే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ప్రేమికుల రోజుకి మళ్ళీ కాస్త సందడి, రెస్టారెంట్లలో ఆ ఏటి బొమ్మ వేసిన పింగాణీ పళ్ళెం ఇస్తారు. మా ఆయనకి ఈ సంగతి నేను చెప్తేనే తెలిసింది, చెప్పాక కూడా తీసుకెళ్ళలేదు.

ఏప్రిల్, మే

కాకినాడ, కోనసీమ వాళ్ళకి ఇక్కడ ఒక ముచ్చట. ఊరికీ పుంతా క్యాప్పాకీ మధ్య సముద్రంలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా తొన్నరెల్లా అనే మాటు వల వేసి ఉంచుతారు. నాలుగు శతాబ్దాలుగా ఇదే పద్ధతి. తీరం వెంబడి వచ్చే చేప వల గోడకి తగిలి, పక్కకి తిరిగి, తనంతట తనే గదిలోకి చేరుతుంది. రోజుకి కొన్నిసార్లు జాలర్లు పడవల్లో వెళ్ళి చేతులతో లాగి చూస్తారు. ఆ వలని దేనితో అల్లుతారనుకున్నారు? కొబ్బరి పీచు తాడుతో. ప్రతి ఏడూ కొత్తగా అల్లుతారు. నైలాన్ ఉన్న ఈ రోజుల్లో కూడా పీచే వాడుతున్నారు. నీళ్ళలో నానితే దాని మీద నాచు పడుతుంది, చేపకి అనుమానం రాదు. కాలం తీరాక సముద్రంలో కుళ్ళిపోయినా నష్టం లేదు. ఒక్క కొబ్బరిచెట్టూ కాయని ఈ తీరంలో పీచు తాడు చూసి మా నాన్న పడిన సంబరం అంతా ఇంతా కాదు. చేత్తో నలిపి వాసన చూసి, "మనదే" అని తేల్చేశారు. పడవలో సాన్ ఫ్రుత్తువోజో వెళ్ళేటప్పుడు నీళ్ళ మీద తేలే బుడ్డీల వరస కనిపిస్తే అదే ఆ వల.

మే నెల రెండో ఆదివారం సాగ్రా దెల్ పేషె, చేపల పండగ. 1952 నుంచి జరుగుతోంది. రేవు దగ్గర నాలుగు మీటర్ల వెడల్పున్న మూకుడులో చేపలు వేయించి జనానికి పంచుతారు. ముందు రాత్రి, శనివారం, జాలర్ల దేవుడు సాన్ ఫొర్తునాతో పేరున సముద్రం ఒడ్డున పెద్ద మంటలు వేస్తారు. రెండు పేటల వాళ్ళు పోటీపడి చెక్కతో ఇంతింత కట్టడాలు కట్టి, చివరికి తగలబెడతారు. చేపలు తినేవాళ్ళు ఆదివారం పొద్దున్నే రండి, క్యూ కొండవీటి చాంతాడంత ఉంటుంది. తిననివాళ్ళు శనివారం రాత్రి మంటలు చూసి, ఆఖరి రైలుకి చాలా ముందే వెళ్ళిపోండి. ఆఖరి రైలుకి ఊరంతా ఎక్కుతుంది.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేవాళ్ళకి నా సలహా మే మూడో వారం నుంచి జూన్ మధ్య దాకా. పండగ రద్దీ అయిపోతుంది, ఎండ ముదరదు, పడవలు రోజూ నడుస్తాయి. నీళ్ళు మేలో ఇంకా 18 డిగ్రీలే, కాళ్ళు తడుపుకోవడానికి చాలు.

వేసవి

జూలై, ఆగస్టుల గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే నేను తప్పించుకోగలిగితే వెళ్ళను. ఒడ్డంతా గులకరాళ్ళు, ఇసుక కాదు. రబ్బరు చెప్పులు లేకపోతే నీళ్ళలోకి దిగేలోపే ఏడుపొస్తుంది. బీచ్‌లో సగానికి పైగా అద్దె గొడుగులు, అద్దె కుర్చీలు. ఉచితంగా కూర్చునే చోటు కావాలంటే పొద్దున్న తొమ్మిదికల్లా ఉండాలి. కొన్ని ఏళ్ళలో జెల్లీఫిష్ వస్తాయి. ఎవరూ నీళ్ళలో లేరంటే కారణం అడిగి దిగండి. ఆగస్టు 15 చుట్టూ ఉండే వారం మాత్రం అసలు వద్దు, ఇటలీ మొత్తం ఒడ్డునే ఉంటుంది.

ఒక్క రోజుకి మినహాయింపు. ఆగస్టు మొదటి ఆదివారం స్తెల్లా మారిస్ అనే మరియమాత పండగ. పొద్దున్న అలంకరించిన పడవలు వరసగా పుంతా క్యాప్పా దగ్గరున్న మాత పీఠానికి వెళ్తాయి. చీకటి పడ్డాక ఒడ్డు నుంచి వేలకొద్దీ చిన్న మైనపు దీపాలు నీళ్ళలో వదులుతారు. కార్తీక పౌర్ణమికి అరటిదొప్పల్లో దీపాలు వదిలే వాళ్ళకి ఇక్కడ ఒక్క ముక్క కూడా వివరించక్కర్లేదు. మా అత్తయ్యగారు దణ్ణం పెట్టుకుని, పక్కనున్న ఇటాలియన్ ముసలావిడ చేతిలో దీపం తీసుకుని తానే వదిలారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అలలుంటే దీపాలు ఉండవు, కార్యక్రమం వాయిదా వేస్తారు. మళ్ళీ గాలే.

సాన్ ఫ్రుత్తువోజోకి వేసవిలో పడవ సులువు, అరగంట ప్రయాణం. రోడ్డు లేని చోటు అది. పడవైనా ఎక్కాలి, కాళ్ళైనా నమ్ముకోవాలి. కొండల మధ్య ఇరుకు కోనలో పాత మఠం, దాని కింద రాతి కమానులు, ముందు గుప్పెడంత గులకరాళ్ళ ఒడ్డు. లోపల జెనోవాకి చెందిన దోరియా వంశీకుల పదమూడో శతాబ్దపు సమాధులు తెలుపూ బూడిదా చారల రాతితో ఉంటాయి. 1983 నుంచి దీన్ని ఫాయ్ అనే వారసత్వ సంరక్షణ సంస్థ చూసుకుంటోంది. ఆ కోనలో నీళ్ళ అడుగున, దాదాపు 17 మీటర్ల లోతులో, చేతులు పైకి చాచిన కంచు క్రీస్తు విగ్రహం ఉంది. గువీదో గల్లెత్తి చేసిన దాన్ని 1954లో దించారు. డైవింగ్ వచ్చినవాళ్ళు వెళ్ళి చూడొచ్చు. తిరుగు పడవ ఆఖరిది ఎన్నింటికో దిగగానే చూసుకోండి, అది తప్పితే కొండే గతి.

తిండి

శాకాహారులు భయపడక్కర్లేదు, లిగూరియా ఇటలీలో మనకి అనుకూలమైన ప్రాంతం. పొద్దున్న బేకరీలో ఫొకాచ్చ అనే రొట్టె తూకం లెక్కన కొనుక్కోండి. వంద గ్రాముల్ని ఎత్తో అంటారు, మనిషికి రెండు ఎత్తోలు చాలు. పైన ఉప్పు, ఆలివ్ నూనె గుంటల్లో నిలిచి ఉంటాయి, వేడిగా ఉన్నప్పుడే తినేయాలి. ఇక్కడివాళ్ళు దాన్ని కపుచ్చీనోలో ముంచుకుని తింటారు. ఒకసారి ప్రయత్నించండి, నవ్వడం తర్వాత. పక్క స్టేషన్ రెక్కోలో జున్ను ఫొకాచ్చ వేరే రకం. పులియబెట్టని పిండిని కాగితమంత పల్చగా సాగదీసి, రెండు పొరల మధ్య మెత్తటి జున్ను పెట్టి కాలుస్తారు. ఫారినాత అంటే శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. ఇది ఎక్కువగా సాయంత్రాలే దొరుకుతుంది. మిరియాల పొడి అడిగి చల్లుకోండి. ఆకుకూరలు కూరిన పన్సోతి అనే పాస్తా మీద అక్రోట్ల సాస్ పోసి ఇస్తారు, కారం లేకపోయినా బాగుంటుంది. మా వాళ్ళు సంచిలో ఆవకాయ చిన్న సీసా పెట్టుకొస్తారు, నేను చూడనట్టు ఊరుకుంటాను.

గట్టి శాకాహారులు ఒకటి గమనించాలి. పెస్తో అనే బేసిల్ ఆకు పచ్చడిలో పడే పార్మిజానో జున్నుని దూడ కడుపు నుంచి తీసిన తోడుతో చేస్తారు. పట్టింపు ఉన్నవాళ్ళు జున్ను వద్దని చెప్పి తీసుకోవచ్చు. చేపలు వద్దంటే అచ్చూగె అనే చిన్న చేపల గురించి విడిగా చెప్పండి, వాటిని ఇక్కడ చాలామంది చేపల్లో లెక్కేయరు.

కమోల్యి ప్రత్యేకమైన మిఠాయి కమోల్యేజి. చాక్లెట్ పూత లోపల రమ్ కలిపిన క్రీమ్ ఉంటుంది. రమ్ ఉంటుందని ముందే చెప్పాను. మా అత్తయ్యగారు "దగ్గు మందులో ఉండదా ఏంటి" అని రెండు తిన్నారు.

భోజనం వేళలు గట్టిగా పాటిస్తారు. పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా, మళ్ళీ ఏడున్నర తర్వాత. మధ్యలో వంటిల్లు మూత, చాలా దుకాణాలు కూడా మూత. బిల్లులో మనిషికి ఇంతని కొపెర్తో కనిపిస్తుంది, అది మోసం కాదు, కూర్చున్నందుకు రుసుం. పిల్లలతో వెళ్తే మూడింటికి ఆకలేస్తుందని తెలుసు కదా, ఫొకాచ్చ ఒక ముక్క ఎక్కువే కొని సంచిలో ఉంచండి.

తిరుగు ప్రయాణానికి ముందు సమ్మె ఉందేమో ఒకసారి చూసుకోండి. ఇటలీలో రైల్వే సమ్మెలు ముందే ప్రకటిస్తారు, శుక్రవారాలంటే వాళ్ళకి మరీ ఇష్టం. సమ్మె రోజైనా పనిదినాల్లో పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కొన్ని రీజనల్ రైళ్ళు తప్పనిసరిగా నడపాలి. ఆ వేళల్లో వెళ్ళి ఆ వేళల్లో వచ్చేలా చూసుకుంటే సమ్మె రోజు కూడా వెళ్ళొచ్చు. పైగా ఆ రోజు బెంచీలు ఖాళీగా ఉంటాయి.